పలుకు విరగని ఎగ్ రైస్: ప్రకాశం బజార్ దగ్గరి ఫాస్ట్ ఫుడ్ సెంటర్

నల్లగొండలో నాకు బియ్యం కొట్టు ఉంది. పదహారేళ్లుగా అదే పని. ఫ్రైడ్ రైస్ ప్లేటు ముందుకొస్తే మా వాళ్లు చికెన్ ముక్కలు చూస్తారు, నేను అన్నం చూస్తాను. రెండు మెతుకులు వేళ్ల మధ్య నలిపితే చాలు, ఏం బియ్యమో, ఎప్పుడు వండారో సగం తెలిసిపోతుంది. ప్రకాశం బజార్ నుంచి గడియారం సెంటర్‌కు నడిచేటప్పుడు ఒక సందు మొదట్లో ఉన్న ఈ ఫాస్ట్ ఫుడ్ సెంటర్‌లో మొదటిసారి తిన్నరోజు అలాగే నలిపి చూశాను. ఊరుకోలేక లేచి పొయ్యి దగ్గరికి వెళ్లి, "ఏం బియ్యం వాడుతున్నవ్ భయ్యా?" అని అడిగాను.

"సోనా మసూరి అన్నా, ఏడాది పాతవి" అన్నాడు మాస్టర్, కడాయి మీంచి చూపు తిప్పకుండానే.

ఆ బియ్యం మా కొట్లో కొన్నవి కావు. ఇప్పటికీ మా దగ్గర కొనరు. ఆ మాట ముందే చెప్పేస్తే మంచిది.

కొత్త బియ్యం వండితే అన్నం మెత్తబడి ముద్దవుతుంది. పాత బియ్యం నీళ్లు ఎక్కువ పీల్చుకుంటాయి, అన్నం ఒదుగుతుంది, మెతుకు మెతుకుకూ సందు ఉంటుంది. కానీ పాతవాటికి క్వింటాలు మీద ధర ఎక్కువ. ఎగ్ రైస్ 80 రూపాయలకు అమ్మే మనిషి ఆ ఖర్చు పెట్టుకుంటున్నాడంటే నాకు అక్కడే నమ్మకం కుదిరింది.

బోర్డు మీద ఎర్ర అక్షరాలతో 'చైనీస్ ఫాస్ట్ ఫుడ్' అని ఉంటుంది, వేరే పేరేమీ లేదు. నాలుగు స్టీలు టేబుళ్లు, ప్లాస్టిక్ స్టూళ్లు. సాయంత్రం 5 గంటలకు పొయ్యి వెలిగిస్తారు. మాస్టర్‌ది డార్జిలింగ్ వైపు, మాట్లాడేది మాత్రం అచ్చం మన నల్లగొండ తెలుగు. గల్లా దగ్గర ఓనర్ భార్య కూర్చుంటుంది. చిన్నా పెద్దా అందరికీ ఆమె అక్కే.

నేను అన్నం గురించి ఇంత పట్టింపుగా మాట్లాడటానికి కారణం ఉంది. రెండేళ్ల క్రితం ఇంకోచోట పార్సిల్ తెచ్చుకున్న ఎగ్ రైస్ తిని మా పాప రాత్రంతా వాంతులు చేసుకుంది. తెల్లారి డాక్టర్ గారు అడిగిన మొదటి మాట, "బయట అన్నం ఏమైనా తిన్నదా?" అని. వండిన అన్నాన్ని గంటల తరబడి బయట వదిలేస్తే అందులో ఒక రకం బ్యాక్టీరియా పెరుగుతుందట. అది విడిచే విషం మళ్లీ ఎంత వేడి చేసినా పోదట. వేయిస్తున్నాం కదా, ఏమవుతుందిలే అనుకోవడానికి లేదన్నమాట. బియ్యం అమ్మే నాకు ఆ సంగతి అప్పటిదాకా తెలియదు. ఆ తర్వాత ఏడాదిన్నర మా ఇంట్లో ఫ్రైడ్ రైస్ మాటే లేదు.

అందుకే ఇక్కడ అన్నం ఎప్పుడు వండుతారో అక్కను అడిగాను. చిరాకు పడకుండా లోపలికి తీసుకెళ్లి చూపించింది. నాలుగింటికి ఒక దబరా, ఏడున్నరకు ఇంకో దబరా. గంజి వార్చేసి, వెడల్పు పళ్లాల్లో పలచగా పరిచి, పైన ఫ్యాన్ పెడతారు. మెతుకు మీది తడి ఆరితేనే కడాయిలో అంటుకోకుండా తిరుగుతుంది. మొదటి దబరా అయిపోతేనే రెండోది తీస్తారు. మిగిలితే పారేస్తారు కానీ మర్నాటికి ఉంచరు.

ఇక పొయ్యి దగ్గర నిలబడి చూడాల్సిందే. బర్నర్ చప్పుడుకు పక్కవాళ్ల మాట వినపడదు. కడాయి పొగ వచ్చేదాకా కాగుతుంది. నూనె, దంచిన వెల్లుల్లి, రెండు గుడ్లు. గుడ్డు పొంగి అంచులు ఎర్రబడగానే గరిటెతో చీలుస్తాడు. సన్నగా తరిగిన క్యాబేజీ, క్యారెట్, బీన్స్ వేసి పట్టుమని అర నిమిషం. అప్పుడు అన్నం. ఉప్పు, మిరియాల పొడి వేసి ఎగరేస్తాడు. సోయా సాస్ అన్నం మీద పోయడు, కడాయి అంచు వెంట తిప్పుతాడు. అది కాలిన ఇనుము మీద పడి చుయ్‌మని అంటుకుని, ఆ వాసన అన్నానికి పడుతుంది. చివర్లో రెండు చుక్కల వెనిగర్, గుప్పెడు ఉల్లికాడలు. ఎంత రద్దీ ఉన్నా ఒకేసారి రెండు ప్లేట్లకు మించి వేయడు. ఎక్కువ అన్నం పడితే కడాయి వేడి తగ్గి, అన్నం వేగడానికి బదులు ఉడుకుతుంది. ఆరేడు ప్లేట్లు ఒకేసారి కలిపేసే చోట ముద్దముద్దగా ఉండేది అందుకే.

తర్వాత చెప్పాల్సింది వెజ్ మంచూరియా, 80 రూపాయలు. ఇది గోధుమ రంగులో ఉంటుంది, ఎర్రగా ఉండదు. రంగు వేయరు. 2024 మార్చిలో కర్ణాటక ప్రభుత్వం గోబీ మంచూరియాలో కృత్రిమ రంగులు వాడొద్దని నిషేధం పెట్టినప్పటి నుంచి నేను పిల్లలకు ఎర్ర మంచూరియా కొనివ్వడం మానేశాను. ఇక్కడ ఉండలు కొరికితే లోపల క్యాబేజీ తురుము కనిపిస్తుంది, ఉత్త మైదా కాదు. "డాడీ, చైనాలో కూడా ఇదే తింటరా?" అని అడిగింది పాప. కలకత్తాలో స్థిరపడిన చైనా కుటుంబాల నుంచి మొదలై మన మసాలాతో మారిన వంట ఇదని, 1975లో ముంబైలో నెల్సన్ వాంగ్ అనే వంటాయన చికెన్ మంచూరియా చేశాడంటారని చెప్పాను. "అంటే మనదేనా!" అని ఇంకో ఉండ నోట్లో వేసుకుంది.

అన్నీ ఇంత బాగుంటాయని చెప్పను. నూడుల్స్ ముందే ఉడకబెట్టి పెడతారు, ఏడు దాటితే మెత్తబడతాయి. సూప్‌లో కార్న్‌ఫ్లోర్ ఎక్కువ, నేను రెండోసారి తీసుకోలేదు. తాగునీళ్ల క్యాన్ ఖాళీ అయితే మార్చేవాళ్లు కనిపించరు. బండి పెట్టడానికి చోటు లేదు, గడియారం దగ్గర ఎక్కడో పెట్టుకుని నడిచి రావాలి. ఆదివారం అరగంట నిలబడాల్సిందే. గుడ్డుకూ వెజ్‌కూ ఒకటే కడాయి. శనివారం నీచు ముట్టనివాళ్లు ముందే చెబితే కడిగి చేస్తాడు, చెప్పకపోతే చేయడు. అజినమోటో డబ్బా ఎదురుగానే ఉంటుంది, వద్దంటే వేయడు.

పోయిన ఆదివారం తొమ్మిది ముప్పావుకు మా బావమరిది కుటుంబాన్ని తీసుకుని వెళ్లాను. పళ్లాలు కడిగి బోర్లించి ఉన్నాయి. "అన్నం అయిపోయింది అన్నా. నూడుల్స్ ఉన్నయ్, కానీ నీకు నచ్చవు కదా" అంది అక్క. పక్క వీధిలో అన్నం తెప్పించి వేయమని బావమరిది అడిగాడు. ఆమె తల అడ్డంగా ఊపింది. మళ్లీ సోమవారం ఏడింటికే వెళ్లాం.