చెరువుల సీమలో కోపర్నికస్ 30 మీటర్ల డెమ్, వైట్‌బాక్స్‌టూల్స్: నాలుగేళ్ల వాడకం తర్వాత

వాననీటి ప్రవాహం, నేలకోత లెక్కలకు రాయలసీమ వాటర్‌షెడ్లలో వాడుతున్న జోడీ ఇది: ఎత్తుల డేటాకు యూరప్ ఉపగ్రహ కార్యక్రమం కోపర్నికస్ ఇచ్చే జీఎల్‌ఓ-30 డెమ్ (30 మీటర్ల గడుల్లో ఎత్తులు చూపే డిజిటల్ పటం), దాన్ని సరిచేయడానికి క్యూజీఐఎస్ అనే పటాల సాఫ్ట్‌వేర్‌లో వైట్‌బాక్స్‌టూల్స్ పనిముట్లు. రెండూ ఉచితమే. కొండవాలుల్లో నిశ్చింతగా వాడొచ్చు. గొలుసుకట్టు చెరువులున్న చోట మాత్రం చేత్తో పని తప్పదు.

మరో డెమ్, నాసా అంతరిక్ష నౌక నుంచి రాడార్‌తో కొలిచిన ఎస్‌ఆర్‌టీఎం, 2000 ఫిబ్రవరి నాటిది. దాని ఎత్తులు పూర్తి మీటర్లలోనే ఉంటాయి. ఒక శాతం వాలున్న చేలో పక్కపక్క గడుల మధ్య తేడా 30 సెంటీమీటర్లే కదా, అక్కడది సున్నా అవుతుంది, లేదా మీటరవుతుంది. అంటే వాలు 0 శాతం, కాకుంటే 3.3 శాతం. ఎల్‌ఎస్ (నేలకోత లెక్కలో వాలు, దాని పొడవుల గుణకం) పటం మెట్లు మెట్లుగా వచ్చేది అందుకే. కోపర్నికస్‌లో దశాంశాలున్నాయి కనుక ఈ బాధ లేదు. చెట్లు, ఇళ్ల కప్పులు మాత్రం రెండింటిలోనూ నేలతో కలిసిపోయి ఉంటాయి. ఇస్రో పటాల సైటు భువన్‌లోని కార్టోడెమ్‌ను కోపర్నికస్‌కు అతికించేవాళ్లు జాగ్రత్త: దాని ఎత్తులు ఎలిప్సాయిడ్ (భూమి ఆకారపు గణిత నమూనా) నుంచి, కోపర్నికస్‌వి జియాయిడ్ (సగటు సముద్రమట్టపు తలం) నుంచి. మన ప్రాంతంలో తేడా 70 మీటర్లు దాటుతుంది.

అక్షాంశ రేఖాంశ డిగ్రీల్లో ఉన్న ఫైలును మీటర్లలోకి మార్చేటప్పుడు నియరెస్ట్ నైబర్ (దగ్గరి గడి విలువనే తీసుకునే పద్ధతి) వద్దు, బైలీనియర్ (చుట్టూ ఉన్న గడుల నుంచి లెక్కగట్టే పద్ధతి) పెట్టండి. లేకపోతే చారలు పడి, వాటి వెంటే నీరు పారినట్టు చూపిస్తుంది. 78 డిగ్రీల రేఖాంశం దగ్గర యూటీఎం (మీటర్ల కొలతల పటాలకు వాడే పద్ధతి) జోన్ మారుతుంది. అనంతపురం 43లో, కడప 44లో ఉన్నాయి. ఒక వాటర్‌షెడ్‌కు ఒకటే జోన్ వాడండి. హద్దు చుట్టూ కిలోమీటరైనా వదిలి కత్తిరించండి.

అసలు చిక్కు చెరువే. ఫిల్ చేస్తే (డెమ్‌లోని గుంతలను పూడ్చేస్తే) చెరువు గర్భమంతా నీరు పొర్లే ఎత్తుదాకా బల్లపరుపై, ప్రవాహ గీతలు దువ్వెన పళ్లలా వస్తాయి. గుంతకు గండి కొట్టి నీటికి దారిచ్చే పనిముట్టు బ్రీచ్ డిప్రెషన్స్ లీస్ట్ కాస్ట్ చాలా మేలు, తక్కువ తవ్వే దారి వెతుకుతుంది. వెతికే దూరం 20 గడులు ఇస్తే చాలాచోట్ల సరిపోతోంది. కానీ అలుగు ఎక్కడుందో దానికి తెలియదు. కట్ట నడుమ, పాత వాగు దారిలోనే గండి కొడుతుంది. మిగులు నీరు నిజంగా పోయేది కట్ట చివర అలుగు మీదుగా, ఒక్కోసారి వేరే వాగులోకి. అప్పుడు దిగువ చెరువు పరీవాహకం లెక్క మొత్తం తప్పే.

ఉపగ్రహ చిత్రంలో అలుగు గుర్తించి, చెరువు లోపలి నుంచి దిగువ వాగు దాకా గీత గీయండి. ఆ గడుల ఎత్తును గర్భం కన్నా మీటరు కింద మొదలుపెట్టి, వాగు వైపు కొద్దికొద్దిగా దించుతూ పోండి. ఆ తర్వాతే బ్రీచ్. తూము కాలువను గీయొద్దు, అది సాగునీటి దారి, వరద దారి కాదు.

ఇలా కోసిన డెమ్ నుంచి ప్రవాహ దిశ, పోగు (పైనుంచి ఒక్కో గడికి చేరే గడుల లెక్క) మాత్రమే తీయాలి. వాలు కూడా దాన్నుంచే తీస్తే కోసిన గీత అంచులు నిట్టనిలువుగా కనిపించి, అక్కడ లేని కోత పుడుతుంది. వాలుకు కోయని డెమ్‌నే ఫీచర్ ప్రిజర్వింగ్ స్మూతింగ్‌తో కొంచెం నునుపు చేసి వాడండి. దాని డిఫాల్ట్ కిటికీ (ఒకసారికి లెక్కలోకి తీసుకునే వెడల్పు) 11 గడులు, అంటే 330 మీటర్లు. చిన్న గుట్టలు అరిగిపోతాయి, 5 చాలు. వాలు పొడవును 300 మీటర్ల దగ్గర ఆపండి. వాగులు, చెరువు గర్భం లెక్కలోంచి తీసేయండి. 60 సెంటీమీటర్ల చేను గట్టు ఈ గడుల్లో కనిపించదు, దాన్ని నేల సంరక్షణ పనులను లెక్కించే పీ గుణకంలోనే చూపాలి.

చివరగా 1:50,000 టోపోషీట్ (వాగులు, చెరువులు చూపే సర్వే పటం) మీద ప్రవాహ గీతలు పరిచి చూడండి. అలుగు దగ్గర రెండు గడులకు మించి తప్పితే ఆ చెరువుకు మళ్లీ గీయాల్సిందే.