నిరోధక జన్యువును ఆస్పత్రిలో ఆపడానికి ఏది మేలు: వాహకుల వేటా, వార్డు శుభ్రతా, మందుల కట్టడా?

2011 జూన్‌లో అమెరికాలోని బెథెస్డాలో ఉన్న జాతీయ ఆరోగ్య సంస్థల ఆస్పత్రికి న్యూయార్క్ నుంచి ఒక మహిళను తరలించారు. ఆమె శరీరంలో కేపీసీ అనే నిరోధక జన్యువున్న (కార్బపెనెమ్‌లనే బలమైన యాంటీబయాటిక్‌లను పని చేయనివ్వని) క్లెబ్సియెల్లా అనే బ్యాక్టీరియా ఉందని వైద్యులకు ముందే తెలుసు. అందువల్ల ఆమెను విడిగదిలో ఉంచి, గౌను, గ్లోవ్స్ లేకుండా ఎవరూ దగ్గరికి వెళ్లకుండా చూశారు. జూలై 15న ఆమె డిశ్చార్జి అయింది. మూడు వారాలు గడిచాక, ఆమెతో ఒకే వార్డులో ఎన్నడూ లేని మరో రోగిలో అదే సూక్ష్మజీవి కనిపించింది. ఆ ఏడాది ముగిసేలోగా అది 18 మందికి చేరింది. వారిలో 11 మంది మరణించగా, ఆరు మరణాలకు ఈ ఇన్ఫెక్షనే కారణమని తేల్చారు. సూక్ష్మజీవుల జన్యుక్రమాలను పోల్చి చూస్తే, అవన్నీ ఆ మొదటి మహిళ నుంచే వేర్వేరు సందర్భాలలో మూడుసార్లు బయటికి పాకాయని తెలిసింది. డబ్బుకూ గదులకూ సిబ్బందికీ కొదవలేని చోట, ముందే తెలిసిన ఒక్క వాహకురాలి (ఆ బ్యాక్టీరియాను ఒంట్లో మోస్తున్న మనిషి) విషయంలో జరిగిన సంగతి ఇది.

చివరికి అక్కడ వ్యాప్తిని అదుపు చేయడానికి రోగులందరికీ మలద్వారపు స్వాబ్ పరీక్షలు చేశారు, వాహకులకు వేరే నర్సులను కేటాయించారు, చేతులు కడుగుతున్నారో లేదో చూడడానికి మనుషులను పెట్టారు, గదులకు హైడ్రోజన్ పెరాక్సైడ్ ఆవిరి పట్టించారు. అన్నీ ఒకేసారి చేశారు కనుక వీటిలో ఏది పని చేసిందో విడదీసి చెప్పడానికి వీలు లేదు. అన్నీ ఒకేసారి చేయగల స్తోమత లేని ఆస్పత్రికి మాత్రం ఆ విడదీయడమే అసలు సమస్య. వాహకులను వెతికి వేరు చేయడం, అందరి విషయంలోనూ శుభ్రత పాటించడం, యాంటీబయాటిక్ వాడకాన్ని బిగించడం అనే మూడింటిలో చేతిలో ఉన్న కొద్ది డబ్బును, కొద్దిమంది మనుషులను ముందు దేనిమీద పెట్టాలి?

దీనికి జవాబు చెప్పే ముందు శత్రువు ఎవరో తేల్చుకోవాలి. మనం సూక్ష్మజీవి పేరు చెప్పుకుంటాం గానీ, నిజానికి ఆస్పత్రిలో ప్రయాణం చేసేది జన్యువు. కేపీసీ, ఎన్‌డీఎం, ఓఎక్స్‌ఏ-48 వంటి జన్యువులు సాధారణంగా ప్లాస్మిడ్ అనే చిన్న డీఎన్‌ఏ వలయాల మీద ఉంటాయి. రెండు బ్యాక్టీరియాలు తాకినప్పుడు ఆ వలయపు ప్రతి ఒకటి దాని నుంచి దీనికి దాటిపోతుంది. రోగి పేగులోనే క్లెబ్సియెల్లా నుంచి ఈ-కొలైకి, అక్కడి నుంచి ఎంటెరోబ్యాక్టర్‌కు చేరగలదు. అంటే ఈ వారం ఒకరిలో క్లెబ్సియెల్లా, వచ్చే వారం పక్క మంచంలో ఈ-కొలై కనిపిస్తే, అవి వేరు వేరు కేసులని రిజిస్టరులో రాసుకునే ఆస్పత్రి అసలు వ్యాప్తిని గుర్తించలేదు. అందుకని ఏ పద్ధతినైనా తూచవలసింది ఒక్క ప్రశ్నతోనే: ఇది ప్లాస్మిడ్ దారిని అడ్డుకుంటుందా, లేక ఒక జాతి బ్యాక్టీరియాను మాత్రమే అడ్డుకుంటుందా?

వాహకుల వేట విషయంలో గట్టి సాక్ష్యం ఇజ్రాయెల్‌ది. 2006లో అక్కడ మొదలైన కేపీసీ క్లెబ్సియెల్లా 2007 మార్చి నాటికి 27 ఆస్పత్రులలో 1,275 మందికి చేరింది. ఒక్కొక్క ఆస్పత్రి తన పాటికి తాను చేసిన ప్రయత్నాలు ఫలించకపోవడంతో ఆరోగ్యశాఖ జోక్యం చేసుకుని, ప్రతి వాహకుడి వివరాన్నీ తప్పనిసరిగా తెలియజేయాలనీ, వారిని వేరుగా ఉంచి వారికి మాత్రమే పనిచేసే నర్సులను నియమించాలనీ ఆదేశించింది. లక్ష రోగిదినాలకు (ఒక రోగి ఆస్పత్రిలో గడిపిన ఒక రోజు ఒక రోగిదినం) నెలకు 55.5గా ఉన్న కొత్త కేసుల రేటు 2008 మే నాటికి 11.7కు పడిపోయింది. ఒక దేశమంతటా ఇలాంటి జన్యువును వెనక్కి నెట్టిన ఉదాహరణలలో ఇంత స్పష్టమైనది అరుదు. ఇందులో నాకు ముఖ్యంగా కనిపించేది విడిగదులు కాదు, విడి నర్సులు. గోడ కట్టినా, ఒకే నర్సు గోడకు ఇటూ అటూ తిరుగుతుంటే ఆ గోడ వల్ల ప్రయోజనం కొంతే.

అయితే ఇజ్రాయెల్‌లో ఆ జన్యువు అప్పటికి ప్రధానంగా ఆస్పత్రులకే పరిమితమై ఉంది. మన పరిస్థితి అది కాదు. 2008లో న్యూఢిల్లీలో వైద్యం చేయించుకుని స్వీడన్ వెళ్లిన భారత సంతతి రోగిలో ఎన్‌డీఎం-1ను (ఎన్‌డీ అంటే న్యూఢిల్లీ) గుర్తించిన తరువాత, 2011లో ప్రచురితమైన పరిశీలనలో ఢిల్లీ వీధులలో నిలిచిన మురుగునీటి 171 నమూనాలలో 51 చోట్ల, కుళాయి నీటి 50 నమూనాలలో 2 చోట్ల ఆ జన్యువు కనిపించింది. (జన్యువుకు ఊరి పేరు పెట్టడం మీద అప్పట్లో మనవాళ్లకు కోపం రావడం సహజమే. వీఐఎం అనే జన్యువు కూడా ఇటలీలోని వెరోనా పేరునే మోస్తున్నదని మాత్రం మరవరాదు.) ఈఎస్‌బీఎల్ అనే మరో రకం నిరోధకత గురించి 2017లో వెలువడిన డచ్ అధ్యయనంలో, దక్షిణాసియాకు వెళ్లివచ్చిన యాత్రికులలో 75 శాతం మంది అలాంటి బ్యాక్టీరియాను పేగులలో మోసుకొచ్చారని తేలింది. హైదరాబాదులో కొన్నాళ్లు ఆస్పత్రిలో ఉండి బ్రిటన్‌కు తిరిగి వెళ్లి అక్కడ మళ్లీ చేరవలసి వచ్చిన తెలుగువారిని, గత ఏడాదిలో విదేశంలో ఆస్పత్రిలో ఉన్నారా అని అడిగి స్వాబ్ తీసుకోవడం ఇందుకే. అక్కడ అది సబబైన పనే. చేరేవారిలో వాహకులు చాలా తక్కువ కనుక, దొరికిన ఒక్కరిని వేరు చేస్తే మిగతా వార్డుకు రక్షణ దొరుకుతుంది.

గడప దాటి వచ్చేవారిలోనే వాహకులు ఎక్కువగా ఉండే ఆస్పత్రిలో లెక్క తలకిందులవుతుంది. కల్చర్ (బ్యాక్టీరియాను ల్యాబ్‌లో పెంచి చూసే పరీక్ష) ఫలితం రావడానికి రెండు మూడు రోజులు పడుతుంది, ఆలోగా రోగి నలుగురి చేతుల మీదుగా తిరిగి ఉంటాడు. జన్యు పరీక్ష కొన్ని గంటల్లోనే ఫలితం ఇస్తుంది గానీ, ప్రతి మంచానికీ దాన్ని చేయించే ఖర్చుతో ఒక వార్డుకు చాలాకాలం సరిపడా హ్యాండ్ రబ్ కొనవచ్చు. వేరు చేయడానికి గదులుండవు. వాహకుడని ముద్ర పడిన రోగి దగ్గరికి వైద్యుడు, నర్సు వెళ్లడం తగ్గుతుందన్నది మరో చేదు నిజం. పైగా పేగులోని ఈ బ్యాక్టీరియాను తొలగించే నమ్మకమైన మందు లేదు, నెలల తరబడి అది అక్కడే ఉండవచ్చు. దొరికిన తరువాత ఏం చేయాలో తెలియని పరీక్షను అందరికీ చేయడం వల్ల రిజిస్టరు నిండుతుంది, వ్యాప్తి ఆగదు.

అందుకే మన పెద్ద ఆస్పత్రులలో నా ఓటు ముందు రెండో పద్ధతికి. చేతికి రాసుకునే ఆల్కహాల్‌కు జన్యువుతో పని లేదు. ఎన్‌డీఎం ఉన్న క్లెబ్సియెల్లా అయినా, ఏ నిరోధకతా లేని ఈ-కొలై అయినా 20 నుంచి 30 సెకన్లలో ఒకేలా చస్తాయి. ప్లాస్మిడ్ ఏ జాతిలోకి దూరినా ఈ ఆయుధం మొద్దుబారదు. ఎవరు వాహకులో తెలియకపోయినా పని చేస్తుంది. అందరికీ వర్తించే చర్య కొందరిని వెతికే చర్య కంటే మేలు కావచ్చనడానికి అమెరికాలో 74 ఐసీయూలలో 74,256 మంది రోగుల మీద జరిగి 2013లో ప్రచురితమైన ప్రయోగం ఒక సూచన. అక్కడ రోగులందరికీ రోజూ క్లోర్‌హెక్సిడిన్ అనే క్రిమినాశినితో ఒళ్లు తుడిచి, ముక్కులో మ్యుపిరోసిన్ అనే యాంటీబయాటిక్ లేపనం రాసినచోట రక్తప్రవాహపు ఇన్ఫెక్షన్లు 44 శాతం తగ్గాయి. వాహకులను పట్టుకుని వేరు చేసినచోట చెప్పుకోదగ్గ మార్పు రాలేదు. కానీ ఆ ప్రయోగం ప్రధానంగా చర్మం మీదా ముక్కులోనూ ఉండే ఎంఆర్‌ఎస్‌ఏ (మెథిసిలిన్‌కు లొంగని స్టాఫ్ బ్యాక్టీరియా) కోసం రూపొందించినది. పేగులో కాపురముండే క్లెబ్సియెల్లాకు దాన్ని యథాతథంగా వర్తింపజేయడం తొందరపాటు అవుతుంది.

శుభ్రత అనగానే మనం నేల తుడవడాన్ని చూస్తాం, సింకును చూడం. 2017లో వర్జీనియా విశ్వవిద్యాలయ పరిశోధకులు ఆకుపచ్చగా మెరిసేలా మార్చిన ఈ-కొలైని సింకు కింది వంపు గొట్టంలో పెట్టి గమనించారు. అది పాచిలాగా గొట్టం గోడల వెంట రోజుకు సుమారు రెండున్నర సెంటీమీటర్ల చొప్పున పైకి పాకి, వారంలో జాలీ దగ్గరికి చేరింది. కుళాయి నీరు జాలీ మీద పడినప్పుడల్లా తుంపరలతో కలిసి చుట్టూ చిమ్మింది. చేతులు కడుక్కోవడానికి పెట్టిన సింకే జన్యువుల నిల్వగా మారితే, అందులోనే మందుల సీసాలు కడిగి, మిగిలిపోయిన సెలైన్‌ను, పోషక ద్రవాన్ని ఒంపే మన అలవాటు ఆ పాచికి అన్నం పెట్టడమే. నెదర్లాండ్స్‌లోని నైమెఖెన్‌లో ఒక ఐసీయూ రోగుల గదులలో సింకులను పూర్తిగా తొలగించగా, ఇలాంటి బ్యాక్టీరియా కొత్తగా కనిపించే రేటు వెయ్యి రోగిదినాలకు 26.3 నుంచి 21.6కు తగ్గింది. తగ్గుదల చూడడానికి కొంచెమే. ఎక్కువ రోజులు ఉన్నవారిలో మాత్రం అది మరింత పెద్దది. మన దగ్గర సింకులు తీసేయమని నేను అనను. మంచానికి తగినంత దూరంలో ఉంచడం, చేతులు కడగడానికి తప్ప మరి దేనికీ వాడకపోవడం మాత్రం దాదాపు ఖర్చు లేని పనులు.

ఇక మూడోది, మందుల కట్టడి. మెరోపెనెమ్ (కార్బపెనెమ్‌లలో ఒకటి), కోలిస్టిన్ వంటి ఆఖరి యాంటీబయాటిక్‌ల వాడకాన్ని తగ్గించాలనడంలో భిన్నాభిప్రాయం ఉండదు. మన దేశంలో 2014 మార్చి నుంచి అమలైన హెచ్1 జాబితా కార్బపెనెమ్‌లను చీటీ లేకుండా అమ్మకూడదని, అమ్మిన వివరాన్ని విడి రిజిస్టరులో రాయాలని చెబుతోంది. 2019లో పశువుల దాణాలో కోలిస్టిన్‌ను నిషేధించారు. వీటి విలువ కాదనలేనిది. అయినా మందు తగ్గిస్తే జన్యువు దానంతటదే పోతుందన్న ఆశకు లండన్ అనుభవం అడ్డు వస్తుంది. బ్రిటన్‌లో సల్ఫోనమైడ్ (సల్ఫా) మందుల చీటీలు 1990లలో ఏటా 3,20,000 నుంచి 7,000కు పడిపోయాయి. తూర్పు లండన్‌లో సేకరించిన ఈ-కొలైలో ఆ మందుకు నిరోధకత 1991లో 39.7 శాతం ఉండగా 1999లో 46 శాతానికి చేరింది. ఒకే ప్లాస్మిడ్ మీద పలు మందులకు నిరోధక జన్యువులు జంటగా కూర్చుని ఉండడమే దీనికి ప్రధాన కారణం: సల్ఫా ఆపినా, ఇంకో మందు అదే వలయాన్ని కాపాడుతూ వచ్చింది. ఎన్‌డీఎం ప్లాస్మిడ్ల మీద కూడా అమికాసిన్ వంటి ఇతర యాంటీబయాటిక్‌లకు నిరోధకత తరచూ కలిసి ఉంటుంది. ఒక మందును మాత్రమే లాక్కుంటే అది లొంగదు.

అలాగని మూడోదాన్ని చివరికి నెట్టడం కూడా నాకు ఇష్టం లేదు. 2017లో 32 అధ్యయనాలను కలిపి చూసిన విశ్లేషణలో, యాంటీబయాటిక్ నియంత్రణ ఉన్నచోట పలు మందులకు లొంగని గ్రామ్-నెగటివ్ బ్యాక్టీరియా (క్లెబ్సియెల్లా, ఈ-కొలై ఉండే వర్గం) 51 శాతం తగ్గిందని, చేతుల శుభ్రత తోడైనప్పుడు ఫలితం ఇంకా మెరుగైందని తేలింది. మందు తగ్గించడం జన్యువుకు దొరికే లాభాన్ని తగ్గిస్తుంది. చేతి శుభ్రత అది దాటే వంతెనను తీసేస్తుంది. మొదటిది ఫలించడానికి కాలం పడుతుంది, రెండోది మరుసటి డ్యూటీ నుంచే పని మొదలుపెడుతుంది.

ఇక వరుస చెప్పమంటే, జిల్లా ఆస్పత్రిలోనూ వైద్య కళాశాల వార్డులలోనూ ప్రతి మంచం దగ్గర హ్యాండ్ రబ్, రాత్రి డ్యూటీలో కూడా సరిపడా నర్సులు, సింకుల క్రమశిక్షణ ముందు రావాలి. వాటి పక్కనే మెరోపెనెమ్ మొదలుపెట్టిన ప్రతి రోగి చీటీని మూడో రోజున కల్చర్ రిపోర్టు చేతపట్టుకుని మళ్లీ చూసే ఏర్పాటు ఉండాలి. ఆ జన్యువు ఏ రకమో తెలుసుకోవడం కూడా వైద్యానికి అవసరమే. కేపీసీ, ఓఎక్స్‌ఏ-48 ఉన్నవాటిమీద పనిచేసే సెఫ్టాజిడిమ్-అవిబ్యాక్టమ్ అనే మందు ఒంటరిగా ఎన్‌డీఎం ముందు నిలవదు, దానికి అజ్‌ట్రియోనమ్ అనే మరో మందు జోడించాలి. వాహకుల వేటను ఎముక మజ్జ మార్పిడి, అవయవ మార్పిడి, నవజాత శిశువుల ఐసీయూ వంటి, ఒక్క ఇన్ఫెక్షన్‌తో ప్రాణం పోయే చోట్లకు పరిమితం చేయడం సబబు. మిగతా వార్డులలో కూడా ఒక సందర్భంలో వరుస మార్చాలి: ఒకే వారంలో ఇద్దరు రోగులలో, జాతి వేరైనా సరే, ఒకే నిరోధక జన్యువు బయటపడితే, ఆ రోజు నుంచి ఆ వార్డులో అందరికీ స్వాబ్ తీయాలి. ఆ ఇద్దరి మంచాలకు దగ్గరగా ఉన్న సింకు గొట్టం నుంచి కూడా ఒక స్వాబ్ తీయాలి.