పాత కారుకు మెకానికల్ ఆయిల్ ప్రెషర్ గేజ్: చాలాకాలం వాడాక

సన్నటి రాగి గొట్టంతో ఇంజన్ ఆయిల్‌ను నేరుగా డాష్‌బోర్డు దాకా తెచ్చే పాతరకం గేజ్ గురించి ఇది. డయల్ సైజు, బిగించే విధానం అందరికీ తెలిసినవే, వాటి జోలికి పోను. ఈ గేజ్ లేకపోతే నా కారు క్రాంక్ షాఫ్ట్ (పిస్టన్ల కదలికను తిరుగుడుగా మార్చే ఇరుసు) ఈపాటికి తుక్కులో కలిసిపోయేదని నా నమ్మకం. దీనిమీద నాకున్న అభిమానమంతా అక్కడే ఉంది.

ఆయిల్ ప్రెషర్ తగ్గితే వెలిగే ఎర్ర లైటు ఉండగా ఇదెందుకు అని అడుగుతారు. చాలా కార్లలో ఆ లైటు ప్రెషర్ 5–7 పీఎస్ఐకి (చదరపు అంగుళానికి పౌండ్లు) పడిపోతే గానీ వెలగదు. స్లోలో, అంటే బండి ఆగి ఇంజన్ నెమ్మదిగా తిరుగుతున్నప్పుడు, 20 ఉండాల్సింది 10కి దిగినా దానికి చీమ కుట్టినట్టైనా ఉండదు.

నాది నాలుగు సిలిండర్లకు మూడే మెయిన్ బేరింగులున్న పాత ఇంజన్. క్రాంక్ షాఫ్ట్‌ను మోసేవి ఈ మెయిన్లే. ఇలాంటివాటిలో నడిమి బేరింగు మీద భారం ఎక్కువ. ఎంజీబీ అనే బ్రిటిష్ స్పోర్ట్స్ కారు 1798 సీసీ ఇంజన్‌ను 1964లో మూడు నుంచి ఐదు బేరింగులకు మార్చారంటే ఊరికే మార్చలేదు. నా గేజ్ కొత్తలో, ఇంజన్ బాగా వేడెక్కాక, స్లోలో 20, దారిలో 55 చూపించేది. ఆ రెండు అంకెలూ చిన్న కాగితం మీద రాసి డయల్ పక్కన అంటించాను. మాన్యువల్‌లో ఏం రాశారన్నది తర్వాత సంగతి. ఇంజన్ ఆరోగ్యంగా ఉన్నప్పుడు మీ గేజ్ ఎంత చూపిస్తోందో రాసిపెట్టుకోండి.

ఒక ఎండాకాలం ముల్లు స్లోలో 15 దగ్గర ఆగడం మొదలైంది. దారిలో మాత్రం అదే 55. ఎండలకు ఆయిల్ పల్చబడి ఉంటుందిలే అన్నారు చూసినవాళ్లంతా. ఎండలు తగ్గాయి, ముల్లు 12కి దిగింది. అప్పటికి ఇంజన్‌లో ఏ శబ్దమూ లేదు.

అది ఎందుకలా పడుతుందో తెలిస్తే ముల్లును చదవడం తేలిక. పంపు చేసేది ఆయిల్‌ను తోయడమే. ఆ ఆయిల్ బేరింగుల సందుల్లోంచి బయటపడడానికి ఎంత కష్టపడితే అంత ప్రెషర్ వస్తుంది. రెండంగుళాల జర్నల్‌కు (బేరింగులో తిరిగే షాఫ్ట్ భాగం) మామూలుగా ఉండే సందు రెండు థౌ, అంటే అంగుళంలో వెయ్యింట రెండు వంతులు. అది అరిగి నాలుగైతే, అదే ప్రెషర్ దగ్గర కారిపోయే ఆయిల్ దాదాపు ఎనిమిది రెట్లవుతుంది. స్లోలో పంపు తోసేదే తక్కువ, పైగా వేడికి ఆయిల్ నీళ్లలా ఉంటుంది, కాబట్టి అరుగుదల ముందు అక్కడే బయటపడుతుంది. స్పీడులో పంపు దగ్గర ఇంకా మిగులు ఉంటుంది, ప్రెషర్ హద్దు దాటకుండా చూసే రిలీఫ్ వాల్వ్ దాన్ని వదిలేస్తుంటుంది. 55 కదలకపోవడానికి అదే కారణం.

శబ్దం ఆ తర్వాత వచ్చింది. టాప్ గేర్‌లో ఎత్తు ఎక్కుతూ యాక్సిలరేటర్ తొక్కితే అరికాళ్ల కిందనుంచి దబ్ దబ్ మని బరువుగా. మెకానిక్ విన్నవెంటనే బిగ్ ఎండ్ (కనెక్టింగ్ రాడ్ కింది చివరి బేరింగు) అనేశాడు. అయినా ఒక్కో ప్లగ్ వైరూ పీకి చూశాడు. బిగ్ ఎండ్ అయితే ఆ సిలిండర్ వైరు తీయగానే అందులో మంట ఆగి శబ్దం తగ్గాలి. ఏది పీకినా తేడా లేదు. రెండో వైరూ మూడో వైరూ కలిపి పీకితే మాత్రం సగానికి సగం తగ్గింది. ఆ రెండు సిలిండర్ల మధ్యన ఉన్నది నడిమి మెయినే. పిస్టన్ స్లాప్ (పిస్టన్ సిలిండర్ గోడకు కొట్టుకోవడం) అయితే ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు ఎక్కువగా ఉండి వేడెక్కాక తగ్గేది, ఇక్కడ అంతా తలకిందులు. క్రాంక్ షాఫ్ట్ ముందుకీ వెనక్కీ జరగకుండా ఆపే థ్రస్ట్ వాషర్ల పనేమోనని క్లచ్ తొక్కి పట్టుకున్నా మార్పు రాలేదు.

ఇంజన్ కింది ఆయిల్ చాంబర్ దించి నడిమి బేరింగు క్యాప్ విప్పాం. కింది షెల్ (బేరింగు సగం రేకు) అంచుల్లో బూడిదరంగు పూత ఇంకా ఉంది. మధ్యలో బొటనవేలంత మేర అది పూర్తిగా పోయి, కింది రాగి పొర ఎర్రగా మెరుస్తోంది. జర్నల్ మీద గోరు పెట్టి లాగితే ఎక్కడా తగల్లేదు, ప్రాణం లేచొచ్చింది. క్రాంక్ దించకుండానే, ఆయిల్ రంధ్రంలో చిన్న పిన్ను దూర్చి షాఫ్ట్ తిప్పుతూ పై షెల్‌ను బయటికి తెచ్చాడు. కొత్త షెల్స్‌తో ప్లాస్టిగేజ్ (నలిగిన వెడల్పును బట్టి సందు చెప్పే ప్లాస్టిక్ దారం) పెడితే రెండు థౌ, షాఫ్ట్ కాస్త తిప్పి ఇంకోచోట పెట్టినా అంతే. (కిందనుంచి కొలిచేటప్పుడు షాఫ్ట్‌ను జాకీతో పైకి ఆనించి ఉంచాలి, లేకపోతే దాని బరువుకే కొలత తప్పొస్తుంది.) మిగతా రెండు మెయిన్లకూ షెల్స్ మార్చాం. క్రాంక్ గ్రైండింగ్ ఖర్చు తప్పింది. ముల్లు మళ్లీ 20కి వచ్చింది.

ఇంతగా పొగిడాను గానీ, బేరింగును పట్టిచ్చింది ప్లగ్ వైర్లే, గేజ్ కాదు. గేజ్ చేసింది ముందుగా నాకు టెన్షన్ పుట్టించడం. ఆ తర్వాత ఒకసారి ముల్లు అచ్చం అలాగే 12కి దిగితే మళ్లీ మెయిన్లే అనుకుని గుండె జారింది. డిప్‌స్టిక్ తీసి వాసన చూస్తే గుప్పున పెట్రోల్. ఫ్యూయల్ పంపు డయాఫ్రం (లోపలి పల్చటి పొర) చిరిగి పెట్రోల్ ఆయిల్‌లోకి దిగుతోంది. డయాఫ్రం, ఆయిల్ మార్చగానే సర్దుకుంది. రిలీఫ్ వాల్వ్‌లో నలుసు ఇరుక్కున్నా, పంపు అరిగినా పడేది ఇదే ముల్లు. అలాంటప్పుడు స్పీడులోనూ ప్రెషర్ తగ్గడం మామూలే, కానీ ఆ ఒక్క గుర్తుతో తేల్చేయలేం.

రాగి గొట్టంతో ఇంకో తలనొప్పి. ఇంజన్ రబ్బరు మౌంటింగుల మీద ఊగుతుంది, బాడీ ఊగదు. నడుమ గొట్టం ఒంగి ఒంగి గట్టిపడి చీలుతుంది. నాది ఇంజన్ దగ్గరే చీలింది, ఆయిలంతా చాంబర్ గార్డు మీదికి కారింది. చూసుకోకుండా నడిపితే బేరింగులకు కాపలాగా పెట్టుకున్నదే వాటిని తినేస్తుంది. ఇప్పుడు ఇంజన్ చివర మెత్తటి హోస్ ముక్క వేయించాను.

నాకు చెవి కాస్త మందం, అందుకే కంటికి కనిపించే ముల్లు మీద మక్కువ ఎక్కువ. పైగా నేను వెళ్లేది ఎప్పుడూ ఒకే పొడవాటి దారి, ఒకే గ్రేడు ఆయిల్, కాబట్టి నాలుగైదు అంకెల తేడా కూడా పట్టుకోగలిగాను. దగ్గరదగ్గర పనులకే కారు తీసేవాళ్లకు ఆయిల్ పూర్తిగా వేడెక్కదు. అరిగిన బేరింగులతోనూ వాళ్ల గేజ్ నిశ్చింతగా 30 చూపిస్తుంది. చెవి బాగా పనిచేసే మెకానిక్ దగ్గర్లో ఉంటే వాళ్లకు దీని అవసరమే రాకపోవచ్చు. నేనైతే ఉంచుకుంటాను. ఎర్ర లైటు స్విచ్చును కూడా తీసేయకుండా, టీ జాయింటు వేసి రెండూ ఉంచాను.