నా కాలి సైజు ఎనిమిది కాదట

ఇరవై ఏళ్లుగా ఏ షాపుకెళ్లినా ‘ఎనిమిది ఇవ్వండి’ అనేవాణ్ని, వాళ్లూ ఇచ్చేసేవాళ్లు. పెళ్లికి కొన్న నల్లబూట్లూ ఎనిమిదే, రావులపాలెంలో కాలవగట్టు మీద పరిగెత్తడానికి కొన్నవీ ఎనిమిదే. వాటితో పది కిలోమీటర్లు దాటితే చాలు ఎడమ బొటనవేలు సలిపేసేది, రెండు నెలలకి గోరు నల్లబడి ఊడిపోయింది. పరిగెత్తేవాళ్లకి ఇది మామూలేరా అన్నారు ఫ్రెండ్సు. మామూలేం కాదు, షూ చిన్నదైంది, అంతే. ఆ ముక్క మొదట చెప్పిన షాపు గురించే ఇదంతా రాస్తున్నా.

షాపు రాజమండ్రిలో, మెయిన్ రోడ్డు రద్దీ దాటాక ఒక సందులో ఉంది. బోర్డు వెలిసిపోయింది, ఏసీ లేదు. ముందు ఫోన్ చేస్తే పెద్దాయన “పొద్దున్న రాకండి బాబూ, సాయంత్రం రండి, పాత షూసూ మీరు వేసుకునే సాక్సులూ తెచ్చుకోండి” అన్నారు. పొద్దుటికంటే సాయంత్రానికి పాదాలు కాస్త ఉబ్బుతాయి, పరిగెత్తేటప్పుడూ ఉబ్బుతాయి కాబట్టి అప్పుడే కొలవాలట. జొన్నాడ బ్రిడ్జి దగ్గర లారీల వెనక ఇరుక్కుని ఆరున్నరకి చేరాను.

కూర్చోబెట్టి కొలుస్తారనుకుంటే నిలబడమన్నారు. ఒంటి బరువు పడితేనే పాదం పూర్తిగా పరుచుకుంటుంది. మడమ ఆనించి నిలబడడానికి ఒక ఇనప పలక ఉంది, దాని మీద రెండు కాళ్లూ విడివిడిగా కొలిచారు. కుడికాలు ఎనిమిదికి కాస్త పైన, ఎడమకాలు ఎనిమిదిన్నర. పరిగెత్తేటప్పుడు పాదం ముందుకి జరుగుతుంది, కాబట్టి పొడుగు వేలికీ షూ కొసకీ మధ్య బొటనవేలి వెడల్పంత ఖాళీ ఉండాలి, అంటే నాకు తొమ్మిది కావాలి. మన దగ్గర దొరికే యూకే సైజుల్లో నంబరుకీ నంబరుకీ తేడా ఎనిమిదిన్నర మిల్లీమీటర్లేనట. ఆ కాస్త తేడాకే నా గోరు పోయింది!

అసలు సంగతి వెడల్పులో ఉంది. చిన్నప్పుడు చెప్పుల్లేకుండా పొలంగట్ల మీద తిరిగిన కాళ్లు మరి, ముందు వైపు చేటల్లా ఉంటాయి. ఆయన తొమ్మిదో నంబరు షూలోంచి లోపలి మెత్త బయటికి లాగి నేల మీద పెట్టి, దాని మీద నిలబడమన్నారు. చిటికెనవేలు సగం బయటే ఉంది. “చూశారా, ఇది లోపలుంటే ఎక్కడికి పోద్ది?” అన్నారు. మగాళ్ల షూల్లో మామూలు వెడల్పుని డి అంటారు, నాకు అంతకంటే వెడల్పైన టూ-ఈ కావాలన్నారు. ఇంట్లో ఉన్న షూస్‌కి మీరూ ఇలా చూసుకోవచ్చు, పైసా ఖర్చు లేదు.

ఇంతకుముందు వేరే ఊళ్లో ఒక పెద్ద షోరూంలో మెషీన్ ఎక్కించి, కంప్యూటర్లో ఎర్రమచ్చలు చూపించి, మీది చదును పాదం సార్ అని షూ లోపల వేసుకునే మెత్త, ఇన్‌సోల్ అంటారు, రెండువేల ఐదొందలకి అంటగట్టారు. అది పెట్టాక ఆ షూ ఇంకా బిగుతైపోయింది. ఆ తర్వాత చదివాను, అమెరికా సైన్యంలో కొత్తగా చేరినవాళ్లకి పాదం వంపుని బట్టి షూస్ ఇచ్చి చూస్తే గాయాలు పెద్దగా తగ్గలేదట. ఇక్కడ పెద్దాయన మాత్రం నా పాత జత తిరగేసి, మడమ బయటి అంచు అరగడం చూసి “ఇది చాలామందికి ఉండేదేనండి, దీనికి మందక్కర్లేదు, కానీ ఇదెన్నాళ్లు వాడారు?” అన్నారు. రెండేళ్లన్నాను. తల పట్టుకున్నారు. ఐదొందల నుంచి ఎనిమిదొందల కిలోమీటర్లకి మెత్తదనం పోతుందట. వారానికి పాతిక కిలోమీటర్లు పరిగెత్తే నాకు ఎనిమిది నెలలే ఎక్కువ.

మూడు జతలు వేసి ఒక్కోదానితో సందు చివరి కిళ్లీకొట్టు దాకా పరిగెత్తించారు. కిళ్లీకొట్టాయనకి అలవాటే అనుకుంటా, తలెత్తి కూడా చూడలేదు. రెండో జతలో మడమ లేస్తోందంటే, పైన అందరం వదిలేసే ఆఖరి బెజ్జంలోంచి లేసు తిప్పి అక్కడో మెలిక వేసి కట్టారు. కదల్లేదు. అదే తీసుకున్నా, ఆరువేల ఎనిమిదొందలు.

లోపాలూ ఉన్నాయి. టూ-ఈ వెడల్పులో ఆ రోజు మూడే మోడళ్లున్నాయి, రంగు ఎంచుకునే ఛాన్సే లేదు, నాకు దొరికింది నిమ్మపండు పసుపు. డిస్కౌంట్ అడిగితే నవ్వి ఊరుకున్నారు, ఆన్‌లైన్లో నాలుగైదొందలు తక్కువకే ఉంది. గంటంబావు పట్టింది, మధ్యలో ఇంకో కస్టమర్ వస్తే కాసేపు నన్ను వదిలేశారు. తొందరున్నవాళ్లు వెళ్లకండి. నాకైతే ఆ నాలుగొందలూ కొలిచినందుకు కూలీ అనుకున్నా, గిట్టింది.

రెండు నెలలైంది. వానకి గట్టు మీద బురద సోల్‌కి పట్టేసి కిలో బరువెక్కుతోంది, దానికి ఏ షూ అయినా చేసేదేం లేదు. తడిస్తే ఎండలో పెట్టొద్దు, జిగురు పాడవుద్ది, లోపల పేపరు కుక్కి నీడలో ఆరేయమన్నారు, అలాగే చేస్తున్నా. బొటనవేలికి కొత్త గోరు సగం దాకా వచ్చింది. పాత ఎనిమిదో నంబరు జత కొబ్బరితోటలోకి పనికొస్తుందని మా బావమరిది పట్టుకెళ్లాడు. నాదీ ఎనిమిదే బావా అన్నాడు. ఎప్పుడు కొలిపించుకున్నావురా అంటే సమాధానం లేదు.