గుణకారానికి చుక్కల అట్ట, ఎల్ కార్డు: ఏళ్ళ తరబడి వాడాక

రెండో తరగతి నుంచి నాలుగో తరగతి దాకా గుణకారం చెప్పడానికి ఏ సామాను కొనాలని అడిగేవాళ్ళకు ముందే చెప్పేస్తాను. కొనాల్సింది దాదాపు ఏమీ లేదు. చింతపిక్కలు, కోడిగుడ్ల అట్ట, గణితమాల, రంగు కడ్డీలు, పూసల చట్రం, గోడకు తగిలించే ఎక్కాల చార్టు అన్నీ వాడాను. వాటిలో ఇప్పటికీ రోజూ చేతిలోకి వచ్చేది ఒక్కటే: పది వరుసల చుక్కల అట్ట, దానిమీద జరిపే ఎల్ ఆకారపు కార్డు. మిగతావాటిలో కొన్నింటికి వారం రెండు వారాల పని ఉంటుంది. కొన్నింటికి అదీ లేదు.

తయారీ ఇలా. అట్టపెట్టె నుంచి 30 సెంటీమీటర్ల చదరం కోసుకోవాలి. దాని ఒక మూలలో 15 సెంటీమీటర్ల చదరం కత్తిరించి తీసేస్తే మిగిలేదే ఎల్ కార్డు. తీసేసిన ముక్కను పారేయొద్దు, చుక్కల కాగితం అంటించడానికి అది సరిగ్గా సరిపోతుంది. చుక్కకు చుక్కకు మధ్య ఒకటిన్నర సెంటీమీటర్లు, అంచు నుంచి మొదటి చుక్క మధ్యకు ముప్పావు సెంటీమీటరు. అడ్డంగా పది, నిలువుగా పది, మొత్తం నూరు చుక్కలు. చుక్క ఒక సెంటీమీటరు వెడల్పుంటే చాలు.

రంగుల విషయంలో బద్ధకించొద్దు. పైన ఎడమవైపు 5×5 ఎరుపు, దాని కుడిపక్క 5×5 నీలం, కింద 5×5 నీలం, మిగిలిన మూల మళ్ళీ ఎరుపు. ఈ రంగుల వల్లనే పిల్లలకు ఏడు "ఐదూ రెండూ"గా, ఎనిమిది "ఐదూ మూడూ"గా కనిపిస్తాయి. నూరు చుక్కలూ ఒకే రంగులో ఉంటే ఐదు దాటగానే వేలు పెట్టి లెక్కపెట్టడం మొదలవుతుంది.

చాలామంది ఎల్ కార్డును స్కేలు వెడల్పున సన్నగా కోస్తారు. అప్పుడు 3×4 చూపించినా కార్డు అవతల చుక్కలు బయటే ఉంటాయి, పిల్లల కళ్ళు వాటిమీదికే పోతాయి. కార్డు రెండు చేతులూ 15 సెంటీమీటర్ల వెడల్పు ఉండాలన్నది అందుకే. పల్చటి తెల్ల కాగితంతో చేసినా పనికిరాదు, వెలుతురుకు చుక్కలు లోపలినుంచి కనిపిస్తాయి. ఒకవైపు నల్ల చార్టు అంటిస్తే సరి.

వాడేటప్పుడు మొదటి నాలుగైదు రోజులు "మొత్తం ఎన్ని?" అని అడగనే అడగొద్దు. కార్డు లోపలి మూలను జరిపి, పైన ఎడమవైపు మూడు వరుసలు, వరుసకు నాలుగు మాత్రమే తెరిచి, మిగతావి కార్డు కింద ఉంచి, రెండు మూడు సెకన్లలో మూసేయాలి. "ఎన్ని వరుసలు? వరుసకు ఎన్నేసి?" ఈ రెండే ప్రశ్నలు. ఎక్కువసేపు తెరిచి ఉంచితే పెన్సిల్ మొనతో ఒక్కో చుక్కా పొడుస్తూ పన్నెండు దాకా లెక్కపెడతారు. జవాబు సరిగ్గానే వస్తుంది కానీ అది గుణకారం కాదు, లెక్కింపే.

ఇక్కడ ఎదురయ్యే పొరపాటు ఒకటి తప్పకుండా తెలిసి ఉండాలి. పిల్ల పై వరుసలో నాలుగు లెక్కపెడుతుంది. తర్వాత కిందికి దిగుతూ మూలలో ఉన్న చుక్కను "అది అయిపోయింది కదా" అని వదిలేసి రెండే అంటుంది. 3×4 కాస్తా 2×4 అవుతుంది. మూల చుక్కను రెండుసార్లు లెక్కపెట్టాలని మనం చెబితే అయోమయం ఇంకా పెరుగుతుంది. చుక్కలు కాదు, వరుసలు లెక్కపెట్టించాలి. అరచేతిని ఒక్కో వరుసమీద ఎడమనుంచి కుడికి జరిపిస్తూ వరుసకు ఒక అంకె చెప్పిస్తే తప్పు దానంతటదే పోతుంది.

ఆ తర్వాత ఎక్కం. మూడో ఎక్కానికి మూడు వరుసలు తెరిచి, కార్డును కుడికి ఒక్కో నిలువు వరుస చొప్పున జరపాలి. జరిపినప్పుడల్లా మూడేసి చుక్కలు బయటపడతాయి. "మూడు ఒకట్ల మూడు, మూడు రెళ్ళు ఆరు, మూడు మూళ్ళు తొమ్మిది" అంటూ జరిపితే ఏం పెరుగుతోందో కంటికి తెలుస్తుంది. "త్రీ ఫోర్ జా ట్వెల్వ్" అని ఏకబిగిన అప్పజెప్పే పిల్లల్ని కూడా "జా" దగ్గర ఆపి, కార్డు జరిపించి చూడండి. సగం మంది నిలువుకు బదులు అడ్డంగా తెరుస్తారు. తప్పేం కాదు, జవాబు అదే వస్తుంది, కాకపోతే అక్కడే మాట్లాడుకోవాల్సింది ఉంది.

3×4, 4×3 ఒకటేనని చెప్పడానికి ఇద్దరు పిల్లల్ని బల్లకు ఒకదానికొకటి ఆనుకుని ఉన్న రెండు పక్కల కూర్చోబెట్టాలి, ఎదురెదురుగా కాదు. ఒకరికి మూడు వరుసలు నాలుగేసి, ఇంకొకరికి నాలుగు వరుసలు మూడేసి కనిపిస్తాయి. ఇద్దరూ వాదించుకుంటారు. కాసేపు వాదించుకోనివ్వాలి.

అట్ట అసలు పనితనం 7×8 దగ్గర బయటపడుతుంది. ఏడు వరుసలు, వరుసకు ఎనిమిది తెరిస్తే రంగులే దాన్ని నాలుగు ముక్కలు చేస్తాయి: ఎర్ర చదరం 25, దాని పక్కన నీలం 15, కింద నీలం 10, మూలలో ఎరుపు 6. కలిపితే 56. నోటికి రాని ఎక్కాన్ని వచ్చిన ఎక్కాలతో కట్టుకోవడమంటే ఇదే. తొమ్మిదో ఎక్కానికి ఎదురు దారి: పది వరుసలూ తెరిచి, ఆఖరి వరుస మూసేయాలి. 9×6 అంటే 60లో ఒక ఆరు తక్కువ. వేళ్ళు మడిచే తొమ్మిదో ఎక్కం చిట్కా పిల్లలకు సరదాయే కానీ, ఎందుకు పనిచేస్తుందో దాంట్లో కనిపించదు.

ఈ అట్టకు చేతకానిది సున్నా. 3×0 చూపించమంటే చూపించడానికేమీ ఉండదు. దానికి మూడు ఖాళీ పళ్ళేలు పెట్టి "పళ్ళేనికి ఎన్ని పిక్కలు?" అనడమే దారి.

చింతపిక్కలు మొదటి వారానికి బాగుంటాయి, ముఖ్యంగా 24 పిక్కలిచ్చి ఎన్ని రకాల వరుసలు పేర్చగలరో చూడమన్నప్పుడు. 1×24, 2×12, 3×8, 4×6 వస్తాయి. 23 ఇస్తే ఒక్క పొడుగు వరుస తప్ప ఏదీ కుదరదు. కాకపోతే గచ్చుమీద పిక్కలు జారి వరుసలు వంకర పోతాయి, వరుసకు ఐదు, ఆరు కలిసిపోతాయి. ముప్పై గుడ్ల అట్టలో గుంటకొకటి పెడితే ఈ బాధ లేదు. అది ఎటూ 5×6, తిప్పితే 6×5.

ముగ్గు చుక్కలు వాడదలిస్తే ఒక జాగ్రత్త. సందు చుక్క ముగ్గులో వరుసకు వరుసకు చుక్కలు తగ్గుతాయి, పైగా చుక్క కింద చుక్క రాదు. గుణకారానికి అది పనికిరాదు. అన్ని వరుసల్లో సమానంగా పెట్టే చుక్కల ముగ్గే కావాలి.

పదేసి పూసలకు రంగు మారే నూరు పూసల గణితమాల ఎగురుడు లెక్కకు, అంటే మూడేసి, నాలుగేసి చొప్పున దాటుతూ లెక్కపెట్టడానికి, బాగా పనికొస్తుంది. నాలుగో ఎక్కమైతే ప్రతి నాలుగో పూస తర్వాత సందులో బట్టల క్లిప్పు పెట్టాలి, పూసమీద కాదు. పూసమీద పెడితే ఆ పూసనే మళ్ళీ ఒకటిగా లెక్కపెట్టి 4, 7, 10 అని వెళతారు. తొమ్మిదో ఎక్కం దీనిమీద చూడముచ్చటగా ఉంటుంది. మొదటి క్లిప్పు రంగు మారడానికి ఒక పూస ముందు, రెండోది రెండు పూసల ముందు, మూడోది మూడు. ఏడో ఎక్కం మాత్రం దండమీద ఏ తీరూ లేకుండా చెల్లాచెదురుగా కనిపిస్తుంది.

పూసల చట్రంలో నాలుగు కమ్మీలమీద ఆరేసి పూసలు జరిపితే 4×6 వస్తుంది. కానీ చట్రాన్ని పక్కకు తిప్పితే పూసలన్నీ కిందికి జారిపోతాయి కనుక 6×4 చూపించలేం. ఒకటి నుంచి పది సెంటీమీటర్ల దాకా ఉండే క్విజనేర్ రంగు కడ్డీలు కొనేవాళ్ళు దుకాణంలోనే ఒక పరీక్ష చేయాలి. ఒక సెంటీమీటరు తెల్ల కడ్డీలు పది వరుసగా పేర్చి, పది సెంటీమీటర్ల నారింజ రంగు కడ్డీ పక్కన పెట్టండి. చవక ప్లాస్టిక్ సెట్లలో రెండు మూడు మిల్లీమీటర్ల తేడా వస్తే 6×7 పేర్చేసరికి అంచులు కలవవు, పిల్లలు ఆ తేడా గురించే అడుగుతారు. ఇంకో చిక్కు, నాలుగు సెంటీమీటర్ల కడ్డీ ఊదా రంగు కనుక నాలుగును నాలుగనకుండా "ఊదా" అనడం అలవాటవుతుంది.

ఒక్కో అంకెకు అన్నేసి గీతలు గీసి, రెండు సంఖ్యల గీతలు ఖండించుకునే చోట్లు లెక్కపెట్టే పద్ధతి వీడియోల్లో గొప్పగా ఉంటుంది. 12×13కి 1, 5, 6 అని వచ్చి 156 తేలిపోతుంది. 87×98కి వేసి చూడండి, మధ్యలో లెక్కపెట్టాల్సిన చోట్లే 127. ఇది గారడీ, బోధనా సామగ్రి కాదు.

1 నుంచి 20 దాకా ఎక్కాలు రాసిన గోడ చార్టులో బొమ్మేమీ లేదు, అంకెలే. దానికి బదులు 10×10 గళ్ళ పట్టిక మేలు. అందులో 1, 2, 5, 10 ఎక్కాలు, సమాన అంకెల లబ్ధాలు (3×3, 4×4 లాంటివి), తొమ్మిదో ఎక్కం కొట్టేసి, తిరగేసిన జంటల్ని ఒకటిగా లెక్కిస్తే మిగిలేవి పదే: 3×4, 3×6, 3×7, 3×8, 4×6, 4×7, 4×8, 6×7, 6×8, 7×8. బట్టీ పట్టించాలంటే ఈ పదింటికే పట్టించండి, అదీ అట్టమీద చూశాకే.

రెండంకెల గుణకారానికి వచ్చేసరికి చుక్కల అట్ట చాలదు, గళ్ళ నోటుబుక్కు తీయాలి. 23×14కి అడ్డంగా 23 గళ్ళు, నిలువుగా 14 గళ్ళు పెట్టె గీసి, 20 దగ్గర ఒక నిలువు గీత, 10 దగ్గర ఒక అడ్డ గీత కొట్టిస్తే నాలుగు గదులు: 200, 80, 30, 12. మొత్తం 322. పదుల్ని పదులతో, ఒకట్లను ఒకట్లతో మాత్రమే గుణించి 212 అనే పిల్లలకు ఖాళీగా మిగిలిన రెండు గదులు చూపిస్తే చాలు. గళ్ళకు బదులు గీతలు లెక్కపెట్టి పెట్టెను ఒక గడి తక్కువ గీస్తుంటారు, మొదటి గడిలో 1 రాయించి మొదలుపెట్టిస్తే అది సర్దుకుంటుంది.

మన్నిక గురించి ఒక మాట. లామినేషన్ చేయిస్తే అట్ట చాలాకాలం ఉంటుంది, కానీ ట్యూబ్‌లైటు కింద మెరిసి పక్కన కూర్చున్న పిల్లలకు చుక్కలు కనబడవు. మెరుపు లేని రకం దొరికితే సరే, లేకపోతే ఉత్త కాగితమే ఉంచి, అంచులకు మాత్రం టేపు వేసి, పాడైనప్పుడు కొత్తది అంటించుకోవడం నయం.