పేరు తెలియని గాయనుల కోసం బ్యాండ్‌క్యాంప్: ఏళ్ల తరబడి వాడాక నా మాట

ముందే చెప్పేస్తాను. కొత్త సినిమా పాట వచ్చిన రోజే వినాలనుకునేవాళ్లకు బ్యాండ్‌క్యాంప్ అనే ఈ పాటల వెబ్‌సైట్‌తో పని లేదు. తెలుగు పాటలే కావాలన్నా అక్కడ దొరికేది చాలా తక్కువ. కానీ “ఈ గొంతు ఇన్నాళ్లూ ఎక్కడుంది, నాకెందుకు వినపడలేదు” అనిపించే గాయనులు ఒకరి తర్వాత ఒకరు తగలాలంటే మాత్రం, నేను వాడినవాటిలో దీన్ని మించింది లేదు. చాన్నాళ్లుగా వాడుతున్నాను, సొంత డబ్బు పెట్టి కొంటున్నాను, ఆ ధైర్యంతోనే రాస్తున్నాను.

నాది అనంతపురంలో సప్తగిరి సర్కిల్‌కు దగ్గర్లో చిన్న డీటీపీ, జిరాక్స్ షాపు. ముహూర్తాలున్న నెలల్లో శుభలేఖలు, లేనప్పుడు బయోడేటాలు, అఫిడవిట్లు, ఆధార్ కాపీలు. షట్టర్ ఎత్తింది మొదలు స్పీకర్ మోగుతూనే ఉంటుంది. పొద్దస్తమానం విన్నవే వింటే ఎవరికైనా పిచ్చెక్కుతుంది కదా. అంతకుముందు నెలనెలా డబ్బు కట్టే ఒక పెద్ద యాప్ వాడేదాన్ని, పేరెందుకులెండి. జానకి గారి పాటతో మొదలుపెడితే చిత్ర గారి దగ్గరికి, అక్కణ్ణుంచి సునీత, శ్రేయా ఘోషల్‌ల దగ్గరికి పోయి, భోజనాల వేళకు గానుగెద్దులా తిరిగి జానకి గారి దగ్గరికే వచ్చేది. వాళ్లంటే నాకు ప్రాణం, అది వేరే సంగతి. ఎక్కువమంది వినేదాన్నే ఇంకా ఎక్కువమందికి వినిపించడం అలాంటి యాప్‌ల పద్ధతి. ఏ వందమందో విన్న గొంతు వాటి లెక్కలోకి రావడం కష్టం.

బ్యాండ్‌క్యాంప్ 2008లో అమెరికాలో మొదలైంది. పాడేవాళ్లో, చిన్న లేబుళ్లో తమ పేజీ తామే పెట్టుకుంటారు, ధరా వాళ్లే పెడతారు. మనం ముందు ఊరికే వినొచ్చు, నచ్చితే కొనుక్కోవచ్చు. కొన్నాక ఎంపీ3 గానీ, నాణ్యత తగ్గని ఫ్లాక్ గానీ ఫైలు మన కంప్యూటర్‌లోకి దిగుతుంది, ఇక అది మనది. కొందరు “మీకు తోచినంత ఇవ్వండి” అని పెడతారు. అలాంటివాటిలో సున్నా కొట్టినా డౌన్‌లోడ్ అయ్యేవి ఉంటాయి.

నన్ను కట్టిపడేసింది ఇదేమీ కాదు. ఆల్బమ్ పేజీలో, దాన్ని కొన్నవాళ్ల చిన్న చిన్న ఫొటోలు వరసగా ఉంటాయి. ఒకదాని మీద నొక్కితే ఆ మనిషి ఇంకా ఏమేం కొన్నాడో మొత్తం తెరుచుకుంటుంది. ఏ పాట ఎందుకు నచ్చిందో రెండు ముక్కలు రాసేవాళ్లు కూడా ఉంటారు. మెషీన్ చెప్పే సలహా కాదిది, ఎవరో ఒక మనిషి జేబులోంచి డబ్బు తీసి కొనుక్కున్న పాటల చిట్టా. వాడగా వాడగా నాకు అర్థమైందేమిటంటే, బాగా అమ్ముడుపోయిన ఆల్బమ్ పట్టుకుని పోతే లాభం లేదు, వాళ్ల చిట్టాలన్నీ ఒకేలా ఉంటాయి. మీకు బాగా నచ్చి, కొన్నవాళ్లు కొద్దిమందే ఉన్న ఆల్బమ్ చూసుకోండి. ఆ కొద్దిమందిలో ఒకరి చిట్టాలోకి వెళ్లండి, అందులో మీరు ఎన్నడూ వినని ఆడగొంతు ఒకటి ఎంచుకోండి, అక్కడ మళ్లీ అదే పని. ఒక సాయంత్రం ఇలా కూర్చుంటే షట్టర్ దించడం కూడా మరిచిపోతాం.

రూపా బిశ్వాస్ నాకు అలా దొరికింది. బెంగాలీ గాయని. కెనడాలోని కాల్గరీకి వెళ్లినప్పుడు సరోద్ విద్వాంసుడు ఆశీష్ ఖాన్‌తో కలిసి ‘డిస్కో జాజ్’ అని ఒక ఎల్పీ రికార్డు చేసింది. 1982లో వచ్చింది, ఎవరూ పట్టించుకోలేదు. ఆమె గాయనిగా పేరు తెచ్చుకోనూ లేదు. ఏళ్లు గడిచాక ఆ రికార్డును సేకరించేవాళ్లు ఎంత ధరైనా పెట్టి కొంటున్నారనీ, అందులోని పాటను యూట్యూబ్‌లో లక్షలమంది వింటున్నారనీ కొడుకు ఇంటర్నెట్‌లో చూసి చెబితే గానీ ఆమెకే తెలియలేదు. 2019లో న్యూమెరో గ్రూప్ అనే అమెరికా లేబుల్ దాన్ని మళ్లీ విడుదల చేసింది. ఉన్నవి నాలుగే పాటలు. డ్రమ్స్, గిటార్, సరోద్ కలిసి దుమ్ము లేపుతుంటే ఆమె మాత్రం ఏ హడావుడీ లేకుండా, కూర్చుని కబుర్లు చెబుతున్నంత తాపీగా పాడుతుంది. గట్టిగా పాడి మెప్పించాలనే తాపత్రయం ఎక్కడా వినపడదు. హాల్‌టికెట్లు ప్రింట్ తీసుకోడానికొచ్చిన డిగ్రీ పిల్లలు “అక్కా, ఎవురక్కా ఈయమ్మ? కొత్త సినిమానా?” అని అడిగారు. వాళ్లమ్మల చిన్నప్పటిదంటే నమ్మలేదు, ఫోన్‌లో వెతికి చూసుకున్నారు.

అరూజ్ ఆఫ్తాబ్‌ను కూడా ఎవరిదో చిట్టాలోనే చూశాను. లాహోర్‌లో పెరిగి న్యూయార్క్‌లో స్థిరపడిన గాయని. 2021 నాటి ‘వల్చర్ ప్రిన్స్’ ఆల్బమ్‌లోని గజల్‌కు 2022లో గ్రామీ వచ్చింది, పాకిస్తాన్ గాయనీగాయకుల్లో అదే మొదటి గ్రామీ. నేను విన్నప్పటికి మన ఊళ్లో ఆమె పేరు ఎవరూ అనగా వినలేదు. పాతూరు నుంచి జిరాక్స్‌లకు వచ్చే ఉర్దూ మాస్టారు ఒకరు ఆ పాట వినగానే చేతిలో కాగితాలు బల్ల మీద పెట్టేసి, “ఇది మెహదీ హసన్ గజల్ కదమ్మా, ఇంత నెమ్మదిగా పాడుతోందేమిటి” అన్నారు. మొదట కాస్త ముఖం చిట్లించారు. తబలా ఏదని అడిగారు. తబలా లేదు, హార్మోనియం లేదు, ఎక్కువగా తీగ వాద్యాలే. పాట అయ్యేదాకా నిలబడి విన్నారు, నచ్చిందని మాత్రం ఒప్పుకోలేదు. ఆయనతో నాకిప్పటికీ ఆ వాదన నడుస్తూనే ఉంది.

డబ్బు సంగతికొద్దాం. స్పాటిఫైలో 2024 నుంచి ఒక నిబంధన ఉంది: పాటను ఏడాదిలో కనీసం 1,000 సార్లు వినకపోతే దానికి రాయల్టీ లెక్కే కట్టరు. పెద్ద గాయనులకు అదొక లెక్క కాదు గానీ, ఇప్పుడిప్పుడే పాడుతున్న అమ్మాయికి అదే పెద్ద గోడ. బ్యాండ్‌క్యాంప్ డిజిటల్ అమ్మకం మీద 15 శాతం, సీడీలు, టీషర్టుల్లాంటివాటి మీద 10 శాతం తీసుకుంటుంది. పేమెంట్ ఖర్చులూ పోను సగటున 82 శాతం పాడినవాళ్లకో వాళ్ల లేబుల్‌కో చేరుతుందని సంస్థ చెబుతుంది. కోవిడ్‌తో కచేరీలు ఆగిపోయిన 2020 మార్చిలో ‘బ్యాండ్‌క్యాంప్ ఫ్రైడే’ మొదలుపెట్టారు. ఆ శుక్రవారాల్లో తమ వాటా వదులుకుంటారు. నేను నచ్చినవన్నీ విష్‌లిస్టులో వేసుకుని ఆ శుక్రవారం కోసం చూస్తాను. ఆలోగా మోజు తీరిపోయే ఆల్బమ్‌లు కొన్ని వాటంతటవే రాలిపోతాయి, జేబుకూ మంచిదే.

మనవైపు నుంచి కొనడంలో తలనొప్పంతా కార్డుతోనే. ధరలు ఎక్కువగా డాలర్లలో, యూరోల్లో ఉంటాయి. కూరగాయల బండి దగ్గర కూడా ఫోన్‌తో స్కాన్ చేసే అలవాటు అక్కడ పనికిరాదు, కార్డు గానీ, పేపాల్ అనే ఆన్‌లైన్ చెల్లింపుల ఖాతా గానీ ఉండాలి. 2020 నుంచి రిజర్వ్ బ్యాంకు నిబంధనల ప్రకారం కార్డులో విదేశీ వాడకాన్ని మనమే ఆన్ చేసుకోవాలి. నేను బ్రాంచికి వెళ్లి అడిగితే కౌంటర్‌లో ఆయన “పాటలకా? అమెరికాకా? మోసం చేస్తారమ్మా, వద్దులేండి” అని పంపించేశాడు. చివరికి బ్యాంకు యాప్‌లోనే ఆ బటన్ దొరికింది. లిమిట్ వెయ్యి రూపాయల దగ్గర పెట్టి, కొనగానే మళ్లీ ఆఫ్ చేస్తాను, మీరూ అలాగే చేయండి. బ్యాంకు వేసే మార్కప్ ఛార్జీ అదనం. ఏడు డాలర్ల ఆల్బమ్ అంటే మన డబ్బులో పెద్ద మొత్తమే. శుభలేఖల సీజన్‌లో పర్లేదు, ఆషాఢంలో మాత్రం వినడమే, కొనడం ఉండదు.

ఈ చిట్టాల వెంట పడి పోతుంటే కొన్ని పేర్లు తగులుతాయి, పాట ఇంకెక్కడో వెతుక్కుని వినాల్సి వస్తుంది. అలా తగిలినవాళ్లలో కోనీ కాన్వర్స్ అనే గాయనిని తలుచుకోకుండా ఉండలేను. 1950ల్లో న్యూయార్క్‌లో గిటార్ పట్టుకుని తన పాటలు తానే రాసి పాడుకున్న మనిషి. 1954లో జీన్ డైచ్ అనే కార్టూన్ చిత్రాల కళాకారుడు తన ఇంట్లో ఆమెను టేపు మీద రికార్డు చేశాడు. ఏ కంపెనీ ఆల్బమ్ వేయలేదు. 1961లో ఆ ఊరు వదిలి మిషిగన్ వెళ్లిపోయింది. 1974లో ఇంట్లోవాళ్లకూ స్నేహితులకూ ఉత్తరాలు రాసిపెట్టి కారెక్కి వెళ్లింది, ఆ తర్వాత ఎవరికీ కనపడలేదు. 2009లో గానీ ఆ టేపులు ఆల్బమ్‌గా రాలేదు. కథ విని జాలితో పాటలు వినకండి. ఆ పాటల్లో ఏడుపు లేదు, చమత్కారం ఉంది. ఒంటరిగా ఉండే ఆడమనిషి తన మీద తానే వేసుకునే జోకులు అవి. రికార్డింగ్‌లో సరసర చప్పుడు ఉంటుంది, స్పీకర్‌లో పెడితే అదే ఎక్కువ వినిపిస్తుంది. ఇయర్‌ఫోన్స్‌తో వినాలి.

కేప్‌వర్డీ దీవుల సెజారియా ఎవోరా గురించి ఒక్క మాట. ప్రపంచమంతా తెలిసిన మనిషే గానీ మన ఊళ్లో తెలియదు. 1988లో పారిస్‌లో ఆల్బమ్ చేసేటప్పటికి ఆమెకు నడివయసు. చెప్పుల్లేకుండా వేదిక ఎక్కేది. భాష ముక్క అర్థం కాదు, నాకెప్పుడూ ఆ లోటు తెలియలేదు.

దగ్గర్లోనే చూస్తే, బెంగళూరు మనకు ఒక రాత్రి ప్రయాణం కూడా కాదు. బిందుమాలిని పాట వినండి. కర్ణాటక సంగీతం, హిందుస్తానీ రెండూ నేర్చిన గొంతు. కన్నడ సినిమా ‘నాతిచరామి’లో పాడినందుకు జాతీయ అవార్డు వచ్చింది. నాకు సినిమా పాట కంటే ఆమె, వేదాంత్ భరద్వాజ్ కలిసి పాడే కబీర్ ఎక్కువ ఇష్టం. చెన్నైలో ఇసైవాణి ఉంది. గానా అంటే చెన్నై బస్తీల పాట, అది మగవాళ్లే పాడాలనుకునే చోట ఆమె నిలబడి పాడింది. ‘క్యాస్ట్‌లెస్ కలెక్టివ్’ బృందంతో పాడేది, 2020లో బీబీసీ ఎంచిన వందమంది మహిళల్లో ఆమె ఉంది. ఆ పాటలు మాత్రం షాపులో తక్కువ సౌండ్‌తో పెట్టకూడదు.

మరి మనవాళ్లు? ఇక్కడే బ్యాండ్‌క్యాంప్‌కు మార్కులు తగ్గిస్తాను. నేను వెతికినంతలో తెలుగు గొంతులు బాగా తక్కువ. 2021 ఏప్రిల్ నుంచి పేపాల్ మన దేశంలోపలి చెల్లింపులు ఆపేసింది. ఇక్కడి గాయని పాట ఇక్కడి మనిషి కొనడంలో ఆ చిక్కూ ఒకటుంది. చాలామంది యూట్యూబ్‌తోనే సరిపెట్టుకోవడానికి అది కూడా కారణమని నా ఊహ.

ఇక పాత గొంతుల సంగతి ఇంకా ఘోరం. మా చాగలమర్రి స్వర్ణలతనే తీసుకోండి. కర్నూలు జిల్లా ఊరు, ఇప్పుడు నంద్యాల జిల్లాలోకి వెళ్లింది. ‘అప్పు చేసి పప్పు కూడు’లో ఘంటసాలతో కలిసి “కాశీకి పోయాను రామాహరి” పాడిన గొంతు ఆమెదే. ఆ పాట తెలియని తెలుగిల్లు ఉండదు, ఆమె పేరు అడిగితే చెప్పేవాళ్లు తక్కువ. నేను డబ్బు కట్టిన ఆ పెద్ద యాప్‌లో పేరు కొడితే, ఆమె పాటలనూ 1990ల్లో తమిళ, తెలుగు సినిమాల్లో పాడిన స్వర్ణలత పాటలనూ కలిపి ఒకే ఫొటో కింద పోసేశారు. ఇద్దరూ గొప్పవాళ్లే, కానీ వేర్వేరు మనుషులు! ‘పుష్ప’లో “ఊ అంటావా” పాడింది మంగ్లి చెల్లెలు ఇంద్రావతి చౌహాన్. మన గుత్తి దగ్గరి తండా పిల్లలు. పాట ఊరూరా మోగినప్పుడు కూడా ఆ సంగతి మా వీధిలో చాలామందికి నేనే చెప్పాల్సి వచ్చింది.

తెలుగుకు నా దారి వేరు. న్యూస్‌ఆన్‌ఎయిర్ యాప్‌లో ఆకాశవాణి కేంద్రాలు వస్తాయి, డబ్బు కట్టక్కర్లేదు. జానపద గీతాలో లలిత గీతాలో వేసినప్పుడు పాడినవాళ్ల పేరు అనౌన్సర్ చదువుతారు. ఆ పేరు వెంటనే బిల్లు పుస్తకం వెనక రాసుకుని, రాత్రి యూట్యూబ్‌లోనూ ఆర్కైవ్ డాట్ ఆర్గ్‌లోనూ వెతుకుతాను. శ్రీరంగం గోపాలరత్నం, వింజమూరి సోదరీమణులు, వేదవతీ ప్రభాకర్ నాకు అలా దగ్గరైనవాళ్లే. వేదవతి గారి లలిత గీతాలు మధ్యాహ్నం ఎండలో షాపు ఖాళీగా ఉన్నప్పుడు వినాలి.

ఒక భయం మాత్రం ఉంది. 2022లో బ్యాండ్‌క్యాంప్‌ను ఎపిక్ గేమ్స్ అనే వీడియో గేముల కంపెనీ కొన్నది. ఏడాదిన్నరకే, 2023లో, పాటల లైసెన్సుల వ్యాపారం చేసే సాంగ్‌ట్రేడర్‌ కంపెనీకి అమ్మేసింది. ఆ చేతులు మారడంలో దాదాపు సగం మంది ఉద్యోగుల ఉద్యోగాలు పోయాయి. రేపు ఇంకెవరు కొంటారో తెలియదు. అందుకే కొన్నది కొన్నట్టే ఆ రోజే ఫ్లాక్‌లో దించుకుని, షాపు కంప్యూటర్‌లో ఒకటి, ఇంట్లో హార్డ్‌డిస్క్‌లో ఒకటి పెట్టుకుంటాను.

మొదటిసారి చూసేవాళ్లు వెంటనే డబ్బు పెట్టకండి. కొన్నాళ్లు ఊరికే వినండి. రూపా నాలుగు పాటలతో మొదలుపెట్టి, దాన్ని కొన్నవాళ్ల చిట్టాల్లోకి వెళ్లండి. ఫోన్ కంటే కంప్యూటర్‌లో సుఖం. ఇక మన జిల్లాల్లో పాడే ఆడవాళ్లకు ఒక మాట: అక్కడ పేజీ పెట్టడానికి డబ్బు అడగరు. బయటి దేశాల్లో ఉన్న మనవాళ్లు కొంటారు, ఒక పేపాల్ అకౌంట్ ఉంటే చాలు. పాటలు రికార్డు చేసుకుని షాపుకు రండి, పేజీ ఎలా పెట్టాలో చూపిస్తాను. కవర్ బొమ్మ డిజైన్‌కు డబ్బు తీసుకోను.