మేక్ మైనస్ జె: ఆరేళ్లు వాడాక

2019లో బెంగళూరు వచ్చి ఈ ఉద్యోగంలో చేరినప్పుడు మా సీ ప్లస్ ప్లస్ ప్రాజెక్టు మొదటినుంచి చివరిదాకా బిల్డ్ అవడానికి, అంటే రాసిన కోడంతా నడిచే ప్రోగ్రాముగా తయారవడానికి, 47 నిమిషాలు పట్టేది. పొద్దున్నే బిల్డ్ పెట్టి, కింద దర్శినిలో ఇడ్లీ తిని, నిలబడి కాఫీ తాగి, పైకొచ్చి మెయిళ్లన్నీ చూసుకున్నా ఇంకా సగంలోనే ఉండేది. రెండో వారంలో మా నెల్లూరు సీనియర్ నా వెనక నిలబడి కాసేపు చూసి, "ఎనిమిది కోర్లు పెట్టుకుని ఒక్కదాంతోనే లాగిస్తున్నావేంది అబ్బాయ్? మైనస్ జె కొట్టు" అన్నాడు. కోరంటే ప్రాసెసర్లో విడిగా పనిచేసే ఒక భాగం. మైనస్ జె అంటే బిల్డ్ నడిపే మేక్ అనే ప్రోగ్రాముకి ఇచ్చే ఆప్షను. ఆ రోజు నుంచి వాడుతూనే ఉన్నాను. వేగం నిజమే. దానికి కట్టాల్సిన బాకీ మాత్రం కొంత ర్యామ్ రూపంలోనూ, ఎక్కువ భాగం మేక్‌ఫైల్లో ఎవరో ఎప్పుడో దాచిన అబద్ధాల రూపంలోనూ వచ్చింది.

తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. మేక్ 1976లో బెల్ ల్యాబ్స్‌లో స్టూవర్ట్ ఫెల్డ్‌మన్ రాసిన పనిముట్టు. ఏ ఫైలు తయారవ్వాలంటే ముందు ఏవి ఉండాలో మేక్‌ఫైల్లో రాస్తాం. అది చూసి ఒక్కొక్కటీ చేసుకుపోతుంది. గ్నూ మేక్‌కి మైనస్ జె పక్కన ఒక అంకె ఇస్తే, ఒకదాంతో ఒకటి సంబంధం లేని పనులను అన్నేసి ఒకేసారి మొదలుపెడుతుంది. పెళ్లి వంటలో నాలుగు పొయ్యిలు వెలిగించినట్టన్నమాట. పప్పు ఉడక్కముందే పోపు పెట్టకూడదని మాత్రం వంటవాళ్లకి ఎవరో ఒకరు చెప్పి ఉండాలి. మా తిప్పలన్నీ ఆ చెప్పకపోవడం దగ్గరే మొదలయ్యాయి.

ముందు అంకెలు. నా లాప్‌టాప్‌లో 8 కోర్లు, 16 థ్రెడ్లు, 16 జీబీ ర్యామ్. జె 4 పెడితే 47 నిమిషాలు కాస్తా 14 అయింది. జె 8కి తొమ్మిదిన్నర. ఆశపడి జె 16 పెడితే 11. టెంప్లేట్లు (ఒకే కోడుని రకరకాల డేటాకి వాడే అచ్చులు) దండిగా ఉన్న సీ ప్లస్ ప్లస్ ఫైలు కంపైల్ అయ్యేటప్పుడు, అంటే మెషీన్ భాషలోకి మారేటప్పుడు, ఒక్కోటీ ఒక జీబీ పైనే తింటుంది మా దగ్గర. పదహారు ఒకేసారి విస్తరి ముందు కూర్చుంటే ర్యామ్ నిండిపోయి స్వాప్‌లోకి, అంటే డిస్కు మీది నెమ్మది చోటులోకి, పోతుంది. థ్రెడ్లు 16 అన్నా కోర్లు ఎనిమిదే, ఒక్కోదాన్ని ఇద్దరు పంచుకోవాలి. దానికి తోడు లాప్‌టాప్ వేడెక్కితే తనంతట తనే స్పీడు తగ్గించుకుంటుంది. థ్రెడ్ల సంఖ్య చెప్పే ఎన్‌ప్రాక్ కమాండు ఎంత చెబితే అంత పెట్టెయ్యమనే సలహా చాలామంది ఇస్తారు. నేను ర్యామ్‌ని ఒక్కో జాబ్‌కి (ఒకేసారి నడిచే పనుల్లో ఒక్కోదానికి) 2 జీబీ లెక్కన భాగిస్తాను; ఆ అంకె, కోర్ల సంఖ్య, రెండింట్లో చిన్నది పెడతాను.

ఆ తొమ్మిదిన్నరలో మూడు నిమిషాలు లింకింగే, అంటే కంపైలైన ముక్కలన్నీ కలిపి ఒక్క ప్రోగ్రాముగా కుట్టడమే. అక్కడికొచ్చేసరికి కేఆర్ పురం వంతెన దగ్గర ట్రాఫిక్కే: ఎన్ని రోడ్ల నుంచి ఎంత జోరుగా వచ్చినా అక్కడ ఇరుక్కోవాల్సిందే. పనిలో విడదీయలేని భాగం ఎంతుందో మొత్తం అంతకంటే తగ్గదని కంప్యూటర్ డిజైనర్ జీన్ ఆమ్డాల్ 1967లోనే చెప్పాడు. వంద కోర్లు కొన్నా మా మూడు నిమిషాలు అలాగే ఉండేవి. పాత లింకర్ తీసేసి ఎల్ఎల్‌డీ అనే వేరే లింకర్ పెట్టాక అవి అరనిమిషం లోపుకి వచ్చాయి. మార్చింది ఒక్క ఫ్లాగు, కమాండు పక్కన రాసే ఆప్షను. జె అంకెతో రెండేళ్లు కుస్తీ పట్టాక గానీ ఆ ఒక్క ఫ్లాగు గుర్తు రాలేదు మాకు, అదీ సిగ్గు.

అంకె లేకుండా ఉత్త మైనస్ జె కొట్టిన శుక్రవారం సాయంత్రం సంగతి కూడా చెప్పాలి. అంకె లేకపోతే హద్దు లేదని అర్థం. వందల కంపైలర్లు ఒక్కసారిగా లేచాయి. మౌస్ కదల్లేదు, హెడ్‌ఫోన్లో పాట ఒకే అక్షరం దగ్గర గీరుకుంటూ ఉండిపోయింది. ర్యామ్ అయిపోతే లినక్స్ ఎవరో ఒకరిని చంపి చోటు చేసుకుంటుంది. ముందు నా బ్రౌజర్ని చంపింది, తర్వాత కంపైలర్ని. కంపైలర్ అలా చచ్చినప్పుడు వచ్చే సందేశంలో "కిల్డ్" అన్న మాట తప్ప పనికొచ్చే ముక్క ఉండదు. కోడ్‌లోనే తప్పుందనుకుని అరగంట వెతికాను.

ఇక అసలు సంగతి. జె 8 మొదలుపెట్టిన నెలకి బిల్డ్ అప్పుడప్పుడు పడిపోవడం మొదలైంది. వెర్షన్ డాట్ హెచ్ అనే హెడర్ ఫైలు (వేరే కోడు ఫైళ్లు తమలోకి తెచ్చుకునేది) కనబడలేదంటుంది. మళ్లీ కొడితే శుభ్రంగా అయిపోతుంది. అనంతపురం జూనియర్ "అన్నా, మళ్లా పాయె" అనడం, నేను "ఇంకోసారి కొట్టు" అనడం. టీమంతటికీ అదే మందు, ఎనిమిది నెలలు. ఆ హెడర్‌ని ఒక పైథాన్ స్క్రిప్టు తయారు చేస్తుంది. దాన్ని వాడే సోర్సు ఫైళ్లకి ముందు అది కావాలని మేక్‌ఫైల్లో ఎక్కడా రాసి లేదు. ఒక్కొక్కటిగా నడిచినన్నాళ్లూ స్క్రిప్టు పేరు జాబితాలో పైన ఉంది కాబట్టి అదృష్టం కొద్దీ ముందే తయారయ్యేది. ఎనిమిది పనులు ఒకేసారి పరుగు మొదలుపెడితే ఎవరు ముందు చేరతారో ఏ రోజుకారోజే.

"జీసీసీకి మైనస్ ఎంఎండీ ఇచ్చాం కదా, హెడర్ల లెక్క అదే రాసుకుంటుందిగా" అని వాదించింది నేనే. జీసీసీ మా కంపైలర్, మైనస్ ఎంఎండీ అంటే ఏ ఫైలు ఏ హెడర్లు వాడిందో రాసిపెట్టమని దానికి చెప్పడం. రాసుకుంటుంది, ఒకసారి కంపైల్ అయ్యాక. ఖాళీ ఫోల్డర్లో మొదటిసారి బిల్డ్ చేసేటప్పటికి ఆ లెక్క ఇంకా పుట్టనే లేదు. మా మెషీన్లలో ఎప్పుడో గానీ పడని బిల్డ్, ప్రతిసారీ కొత్తగా మొదలయ్యే సర్వర్లో తరచూ పడింది ఇందుకే. మందు ఒక్క లైను: ఆబ్జెక్టు ఫైళ్ల (కంపైల్ అయి వచ్చే ముక్కల) పక్కన నిలువు గీత పెట్టి, ఆ హెడర్ని ఆర్డర్ ఓన్లీ డిపెండెన్సీగా రాయడం. అలా రాస్తే అది ముందు తయారవుతుంది. అది మారిన ప్రతిసారీ దానితో పనిలేని ఫైళ్లు మళ్లీ కంపైల్ కావు.

ఇంకోటి దీనికన్నా దొంగది. బైసన్ అంటే ఒక భాష నియమాలిస్తే దాన్ని చదివే కోడు రాసిపెట్టే పనిముట్టు. ఒకే పరుగులో ఒక సీ ఫైలూ ఒక హెడరూ ఇస్తుంది. మామూలు రూల్లో రెండు పేర్లూ కోలన్‌కి ఎడమవైపు రాస్తే మేక్ వాటిని రెండు వేరు వేరు రూల్స్ కింద చదువుతుంది. జె పెట్టగానే బైసన్ రెండుసార్లు లేచి, అవే ఫైళ్ల మీద ఇద్దరూ రాస్తారు. సగం రాసిన హెడర్ కంపైలర్ నోట్లో పడితే వచ్చే తప్పులు చూసి మా జూనియర్ దిష్టి తీయించమన్నాడు. 2020లో వచ్చిన మేక్ 4.3లో యాంపర్‌సాండ్, కోలన్ కలిపి రాస్తే "ఈ రెండూ ఒకే పరుగు" అని దానికి అర్థమవుతుంది. మా సర్వర్లు ఉబుంటు లినక్స్ 20.04 మీద, మేక్ 4.2.1తో ఉండేవి, 22.04కి మారేదాకా పని అయిందన్న గుర్తుకి మాత్రమే పెట్టే ఒక ఉత్తుత్తి స్టాంప్ ఫైలుతో నెట్టుకొచ్చాం.

ఇలాంటివి పట్టడానికి 2022లో వచ్చిన మేక్ 4.4లోని షఫుల్ ఆప్షన్ నాకు బాగా నచ్చింది. పేకముక్కలు కలిపినట్టు పనుల వరస కలిపేస్తుంది, దాక్కున్న తప్పు త్వరగా బయటపడుతుంది. ఉబుంటు 22.04లో వచ్చేది 4.3యే కాబట్టి 4.4ని సోర్సు నుంచి కట్టుకుని, ఒక రాత్రంతా తిప్పాం. తెల్లారేసరికి ఇంకో నాలుగు దొరికాయి.

మేక్ లోపల మేక్ పిలిచే ప్రాజెక్టు అయితే ఇంకో చిక్కు. పిల్ల మేక్‌ని డాలర్ గుర్తుతో మేక్ వేరియబుల్ ద్వారా పిలిస్తే తల్లి తన దగ్గరున్న టోకెన్లు (ఒక్కో పని మొదలుపెట్టడానికి అనుమతి చీట్లు) పంచుతుంది, మొత్తం ఎనిమిదే నడుస్తాయి. ఉత్తగా మేక్ అని రాస్తే టోకెన్లు అందక ఆ ఫోల్డరంతా ఒక్కొక్కటిగా నడుస్తుంది. మా దగ్గర ఒక మహానుభావుడు ప్రతి ఫోల్డర్లోనూ జె 8 అని గట్టిగా రాసిపెట్టాడు. ఎనిమిదెనిమిదులు అరవై నాలుగు.

కొత్త మాడ్యూళ్లకి బిల్డ్ ఫైళ్లు రాసిపెట్టే సీమేక్‌తో, మేక్ బదులు నింజా వాడుతున్నాం. క్రోమ్ కోసం ఇవాన్ మార్టిన్ రాసింది ఇది. చెప్పకపోయినా సమాంతరంగానే నడుస్తుంది. మామూలుగా థ్రెడ్ల సంఖ్యకి రెండు కలిపి అన్ని జాబులు పెట్టుకుంటుంది, నా మెషీన్లో అది 18, నాకు అది ఎక్కువే. ఏ పని అవుట్‌పుట్ ఆ పనికి విడిగా చూపిస్తుంది. మేక్‌లో అది కావాలంటే మైనస్ పెద్ద ఓ ఇవ్వాలి, లేకపోతే ఎనిమిది మంది ఒకేసారి అరిచినట్టే స్క్రీను. నింజాలో నాకు అన్నిటికన్నా ఉపయోగపడింది పూల్స్. కంపైల్ ఎనిమిది, లింక్ మాత్రం రెండే అని విడిగా కట్టడి పెట్టొచ్చు. తప్పులు వెతకడానికి కట్టే డీబగ్ బిల్డ్‌లో నాలుగు లింకులు ఒకేసారి లేచి ర్యామ్ మింగేయడం దాంతో ఆగింది.

సీక్యాష్ గురించి కూడా ఒక మాట. ఆండ్రూ ట్రిజెల్ మొదలుపెట్టింది, విండోస్ మెషీన్లతో ఫైళ్లు పంచుకునే సాంబా రాసినాయన. (సాంబారు కాదు. బెంగళూరు తీపి సాంబారు మీద నా అభిప్రాయం వేరే రాస్తాను.) ముందు కంపైల్ చేసిన ఫైలే మళ్లీ వస్తే పాత ఫలితం తీసిస్తుంది. మామూలుగా 5 జీబీ దగ్గర ఆగుతుంది, మేం 20కి పెంచాం. కోడులో వేరే బ్రాంచికి (పాయకి) మారి వెనక్కి వచ్చిన రోజు రెండు నిమిషాల్లో బిల్డ్ అయిపోతుంది. జె అంకె ఎంత పెంచినా అలాంటి రోజు రాదు.

వీడియో కాల్‌లో ఉండగా బిల్డ్ పెట్టాల్సి వస్తే ముందు నైస్ 19 తగిలించండి, మిగతా పనులకి దారిచ్చి బిల్డ్‌ని వెనకుండమనే కమాండు అది. నా గొంతు రోబోలా వస్తోందని మేనేజరు రెండుసార్లు చెప్పాక అలవాటైంది.

ఇప్పుడు ఖాళీ ఫోల్డర్ నుంచి మొత్తం బిల్డ్ ఏడు నిమిషాలు. డాక్యుమెంటేషన్ ఫోల్డరు మాత్రం ఇప్పటికీ ఒక్కొక్కటిగానే నడుస్తుంది. దాని మేక్‌ఫైల్ మొదట్లో ఎవరో డాట్ నాట్‌ప్యారలల్ (పనులు ఒకేసారి నడపొద్దని మేక్‌కి చెప్పే మాట) అని రాసి, కింద "దయచేసి ముట్టుకోవద్దు" అని కామెంటు పెట్టి వెళ్లిపోయారు. ఎవరం ముట్టుకోలేదు.